తూకం వేసే ముందు ముఖం చూడండి

*వెండి ధర పెరిగింది. ట్రంకు పెట్టెల్లోని పాత రూపాయలు బయటికొచ్చి నేరుగా కొలిమి దారి పడుతున్నాయి. వాటిలో ఏది కరిగించదగ్గది, ఏది దాచుకోదగ్గది? తెలియాలంటే నాణేన్ని చదవడం రావాలి.*

ఎలక్ట్రానిక్ కాటా మీద ఎర్ర అంకెలు రెండు మూడుసార్లు మారి 92.6 దగ్గర నిలబడ్డాయి. నెల్లూరు సీమలోని వాకాడులో ఒక చిన్న వెండి దుకాణం. గాజు బల్లకు ఇవతల నిలబడ్డ పెద్దావిడ సముద్రం పక్క పల్లె నుంచి పొద్దున బస్సుకే వచ్చింది. చీరకొంగు ముడి విప్పి ఆమె బల్ల మీద పోసినవి ఎనిమిది వెండి రూపాయలు.

"మా అత్తగారియి అబ్బయా. మనవరాలి ఫీజు కట్టాల. ఎంతొస్తాదో చూడు."

"ఏంది పెద్దమ్మా, పాతవంటివే, ఇంత తెల్లంగా ఉండాయి?"

"నల్లంగా ఉంటే తీసుకోవేమోనని రాత్రి చింతపండేసి రుద్దినా. ఒకటి ముడిలోనే ఉండిపోయింది, దాన్ని రుద్దలా."

ఏడు రూపాయలు తళతళమంటున్నాయి. రుద్దకుండా మిగిలిపోయిన ఎనిమిదోది నీలమూ ఊదా కలిసిన నలుపులో ఉంది. ఐదో జార్జి కిరీటం మీది ముత్యాలను దాని మీద విడివిడిగా లెక్కపెట్టొచ్చు. చెవి మడతలు, మీసపు వెంట్రుకలు చెక్కుచెదరలేదు. నాణేల సేకరణ తెలిసినవాళ్లు ఎవరైనా ఆ బల్ల దగ్గర ఉంటే ముందు చెయ్యి పెట్టేది దాని మీదే. కాటా మాత్రం ఎనిమిదింటికీ ఒకటే ధర చెప్పింది. తోమిన ఏడూ నిన్నటిదాకా ఎలా ఉండేవో తెలుసుకునే దారి ఇక లేదు.

వాకాడులోనే కాదు, కోట, గూడూరు, నాయుడుపేట బజార్లలో ఎక్కడైనా ఈ రోజుల్లో కనబడగల దృశ్యమిది. 2025 అక్టోబరులో అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు వెండి 50 డాలర్లు దాటి, 1980 జనవరి నాటి రికార్డును చెరిపేసింది. మన దగ్గర కిలో వెండి లక్ష రూపాయల గీత దాటి పైపైకి పోయింది. ధర ఎక్కినప్పుడు పాత వెండి బయటికి రావడం ఎప్పుడూ ఉన్నదే. పట్టీలు, మొలతాళ్లు, కుంకుమ భరిణెలు కరిగితే మళ్లీ చేయించుకోవచ్చు. 1862 నాటి రూపాయినో 1911 నాటి రూపాయినో మళ్లీ అచ్చువేసేవాళ్లు ఎవరూ లేరు.

ముందు లోహం లెక్క చూద్దాం. బ్రిటిష్ ఇండియా ప్రామాణిక రూపాయి బరువు 11.66 గ్రాములు. అందులో వెండి 91.7 శాతం, మిగతాది రాగి. అంటే అసలు వెండి 10.69 గ్రాములు. కిలో లక్ష చొప్పున దాని విలువ 1,069 రూపాయలు. రేటు రెట్టింపైతే అదీ రెట్టింపవుతుంది. విక్టోరియాదైనా ఐదో జార్జిదైనా కొలిమికి ఈ లెక్క ఒక్కటే.

సేకరణదారుడి లెక్క ఇక్కడి నుంచి వేరే దారి పడుతుంది. ఏ ఏడాదిది, ఏ టంకశాలది, అలాంటివి ఎన్ని మిగిలాయి, ఇది ఏ స్థితిలో మిగిలింది అని అతను అడుగుతాడు. మొదటి మూడింటికీ కేటలాగుల్లో జవాబు దొరుకుతుంది. నాలుగోదానికి మాత్రం నాణేన్ని వెలుతురులో పట్టుకుని చూడాల్సిందే. ఆ చూపునే గ్రేడింగ్ అంటున్నారు.

నాగలికి తగిలిన కుండ

స్థితిని బట్టి నాణెం విలువ కట్టడం అమెరికా వాళ్లు నేర్పిన విద్య అనుకునేవాళ్లు చాలామంది. దానికి చాలా ముందే నెల్లూరు సీమలో జరిగిన ఒక సంఘటన నాణేల చరిత్రకారులందరికీ తెలుసు.

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దుక్కి దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలి ఆగింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలాలు. వాటి కింద ఒక కుండ. కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవీ, ఫాస్టీనా రాణి బొమ్మవీ అందులో ఎక్కువ. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో మన తీరానికి సరుకు కోసం వచ్చిన ఓడలతో దిగిన సొమ్ము అది.

రైతు వాటిని పాత బంగారంగా తూకానికి అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమ్రా చెవిన పడేనాటికి మిగిలినవాటిలో ముప్పైకి పైగా నాణేలను వెనక్కి రాబట్టగలిగారు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని స్వయంగా చూసి రాసిన ఉత్తరం 'ఆసియాటిక్ రీసెర్చెస్' రెండో సంపుటంలో అచ్చయింది. ఆ నిధిలోంచి రెండు నాణేలు ఎంచుకునే అవకాశం ఆయనకు దక్కింది. ఒక హేడ్రియన్‌ను, ఒక ఫాస్టీనాను తీసుకున్నాడు.

ఈ ఉత్తరంలో మన కథకు కావలసింది నాణేల స్థితి గురించి ఆయన చెప్పిన మాట. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత తాజాగా ఉన్నాయట. కొన్ని బాగా అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయట. చిల్లులున్నవాటిని ఎవరో దండకడియంగానో మెడలోనో వేసుకుని ఉంటారని ఆయన ఊహించాడు. ఇవాళ ఏ గ్రేడింగ్ సంస్థ నివేదిక తీసుకున్నా ఈ మూడు సంగతులే ఉంటాయి: చలామణీలో తిరగనిది, అరిగినది, నగగా మారి దెబ్బతిన్నది. ఆ రైతుకు ఈ తేడా చెప్పేవాళ్లు లేరు. రెండు వందల నలభై ఏళ్ల తర్వాత వాకాడు పెద్దావిడకూ లేరు. ఈ కథనం రాయడానికి కారణం అదే.

దుగరాజపట్నం రేవు నుంచి మద్రాసు టంకశాల దాకా

ఈ తీరానికి వెండితో ఉన్న బంధం చిన్నది కాదు. వాకాడు మండలంలోని దుగరాజపట్నాన్ని ఇంగ్లిష్ వాళ్లు ఆర్మగాన్ అన్నారు. 1626లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. తమకు అండగా నిలిచిన స్థానిక పెద్ద ఆరుముగ ముదలి పేరు మీదే ఆ పేరు వచ్చిందంటారు. ఫిరంగులు పెట్టి కోట కట్టుకున్నారు. ఇక్కడ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్లి 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర చెన్నపట్నం పొందాడు. మద్రాసు మహానగరానికి మొదటి అడుగు వాకాడు ఇసుకలోంచే పడిందన్నమాట.

ఆ కాలపు యూరప్ వర్తకులకు మన బట్టలు కొనడానికి కావలసింది వెండి. స్పెయిన్ వాళ్లు అమెరికా ఖండంలోని గనుల నుంచి తీసి అచ్చువేసిన రియాళ్లు ఓడల్లో వచ్చేవి. వాటిని చూసి, మోగించి, తూచి తీసుకునేవాళ్లు షరాబులు. అనుమానం వస్తే చిన్న ఉలితో గీటు పెట్టి లోపలి రంగు చూసేవాళ్లు. సరిపోయిందంటే తమ గుర్తు కొట్టేవాళ్లు. తర్వాతి రోజుల ఆర్కాటు రూపాయల మీద కూడా ఈ షరాబు ముద్రలు కనిపిస్తాయి. నువ్వు గింజంత చుక్కలు, నెలవంకలు, చిన్న పువ్వులు. గ్రేడింగ్ చేసేవాళ్లు వీటిని లోపాల కిందే రాస్తారు. అయినా ఆ గుర్తులకు ఉన్న విలువను మనం తీసిపారేయకూడదు. ఆ నాణెం ఫలానా బజారులో చేతులు మారిందనడానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

1801లో నెల్లూరు కంపెనీ పాలనలోకి వచ్చింది. కొన్నేళ్లకే, 1808 ప్రాంతంలో, మద్రాసు టంకశాల నుంచి ఒక అందమైన వెండి నాణెం వెలువడింది. అరవరహా, పావువరహా అని రెండు విలువలు. ఒకవైపు చుక్కల నడుమ గుడి గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి. చుట్టూ ఇంగ్లిష్, పారశీక అక్షరాలతో పాటు తమిళం, తెలుగు కూడా ఉన్నాయి. కంపెనీ వెండి మీద తెలుగు లిపి కనిపించే ఈ నాణెం తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవలసినది.

దీని గ్రేడు తేల్చడం మాత్రం కొత్తవాళ్లకు చిక్కు ప్రశ్న. చాలా అరవరహాలను కొత్త బిళ్లల మీద కాక స్పానిష్ డాలర్ల మీదే నేరుగా మళ్లీ అచ్చు కొట్టారు. అందుకే కొన్నింటిలో గోపురం వెనక స్పెయిన్ రాజు తల తాలూకు గీత, పాత అంచు అక్షరాల జాడ కనబడుతుంది. కొత్త ముద్ర కొన్నిచోట్ల సరిగా పడదు. చూసేవాళ్లు అరిగిపోయిందనుకుంటారు. నిజానికి ఆ నాణెం పుట్టుకే అది. పాత ముఖం మీద కొత్త ముద్ర మన దేశానికి కొత్తేమీ కాదు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో దొరికిన 13 వేలకు పైగా క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేల్లో 9 వేలకు పైగా గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించినవే.

> మీ ఇంట్లో రూపాయి ఏ కాలానిది?
>
> 1835: కంపెనీ ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి. నాలుగో విలియం బొమ్మ.
>
> 1840: విక్టోరియా రాణి, కిరీటం లేకుండా.
>
> 1862: కిరీటంతో విక్టోరియా. తర్వాత చాలా ఏళ్లు అదే 1862 సంవత్సరంతో అచ్చువేశారు. అసలు ఏడాది తెలిపేందుకు చిన్న చుక్కలు పెట్టారు. 1877 నుంచి 'ఎంప్రెస్' బిరుదు.
>
> 1903–1910: ఏడో ఎడ్వర్డ్. తల మీద కిరీటం లేదు.
>
> 1911–1936: ఐదో జార్జి.
>
> 1938 నుంచి: ఆరో జార్జి. 1939 నాటి ప్రామాణిక వెండి రూపాయి బాగా అరుదు.
>
> 1940 నుంచి: వెండి సగమే. మిగతాది రాగి, నికెల్, జింకు.
>
> 1947: పులి బొమ్మ రూపాయి. పూర్తిగా నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. చాలా ఇళ్లలో దీన్ని వెండి అనుకుని దాచుకున్నారు.

రాజు చెవి, ఏనుగు తొండం

అరుగుదల నాణెం అంతటా ఒకేలా రాదు. ఎత్తుగా ఉన్న భాగాలు ముందు అరుగుతాయి. ఏ బొమ్మలో ఎత్తు ఎక్కడుందో తెలిస్తే గ్రేడింగ్ సగం వచ్చినట్టే.

విక్టోరియా రూపాయిలో చెంప, చెవి పక్క జడ పాయలు, కిరీటం అంచు, రొమ్ము మీది దుస్తుల అల్లిక చూడాలి. ఎడ్వర్డ్ తల కిరీటం లేకుండా నున్నగా ఉంటుంది కాబట్టి అరుగుదల మోసం చేస్తుంది. చెవి పైన వెంట్రుకలు, గడ్డం పాయలు విడిగా కనిపిస్తున్నాయా అన్నదే అక్కడ పరీక్ష. ఐదో జార్జిలో కిరీటం ముత్యాలు, చెవి, మీసం, దుస్తుల మీది హారంలో ఉన్న చిన్న ఏనుగు.

ఆ ఏనుగుకో కథ ఉంది. 1911లో విడుదలైన ఐదో జార్జి తొలి రూపాయిలో దాని తొండం పొట్టిగా పడి, చూసేవాళ్లకు పందిలా కనిపించింది. రాజు ఒంటి మీద పంది ఏమిటని జనంలో, ముఖ్యంగా ముస్లింలలో ఆగ్రహం రేగింది. ప్రభుత్వం ఆ రూపాయలను వెనక్కి తీసుకుని కరిగించింది. 1912 నుంచి తొండం స్పష్టంగా తెలిసేలా బొమ్మ మార్చింది. అప్పటికే జనం చేతుల్లో పడి మిగిలినవే ఇవాళ సేకరణదారులు 'పంది రూపాయి' పేరుతో వెతికే 1911 నాణేలు. ఏనుగు బొమ్మ అరగకుండా ఉన్నదాని ధర వేరు, అరిగిపోయి ఏడాది మాత్రమే మిగిలినదాని ధర వేరు.

ఇక గ్రేడ్ల పేర్లు. అక్షరాలు, ఏడాది చదవగలిగి, బొమ్మ గీత మాత్రమే మిగిలితే 'గుడ్'. పేరుకు మంచిదని అర్థమున్నా సేకరణలో ఇది కింది మెట్టు. కిరీటం, చెవి ఆకారం తెలుస్తూ లోపలి పనితనం చాలావరకు పోతే 'ఫైన్'. ముత్యాలు సగానికి పైగా విడిగా ఉంటే 'వెరీ ఫైన్'. ఎత్తైన చోట్ల మాత్రమే తేలిక అరుగుదల ఉంటే 'ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్'. ఆ పైన ఒకటి రెండు చోట్ల రుద్దుడు జాడ తప్ప కొత్తదానిలా ఉన్నది 'అబౌట్ అన్‌సర్క్యులేటెడ్'. చలామణీ అరుగుదల అసలే లేనిది 'అన్‌సర్క్యులేటెడ్'. మన వర్తకులు పొట్టిగా వీఎఫ్, ఎక్స్‌ఎఫ్, ఏయూ, యూఎన్‌సీ అంటారు.

అన్నిటికంటే చివరి మెట్టు దగ్గరే డబ్బు తేడా ఎక్కువ, పొరపాట్లూ అక్కడే ఎక్కువ. అక్కడ కాపాడేది మెరుపు. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. ఆ పారిన సన్నని గీతల వల్ల కొత్త నాణేన్ని ఒకే దీపం కింద వాల్చి తిప్పితే వెలుగు చారలు బండిచక్రం ఆకుల్లా తిరుగుతాయి. చేతులు మారిన కొద్దీ ఆ సన్నని గీతలు చెరిగిపోయి, ముందు చెంప మీద, చెవి మీద వెలుగు తెగిపోతుంది. అరుగుదల కంటికి తెలియకముందే మెరుపు చెప్పేస్తుంది. తోమిన నాణెం కూడా మెరుస్తుంది కదా అని అడగొచ్చు. మెరుస్తుంది, కానీ ఆ చారలు తిరగవు. అద్దంలా ఒకేచోట మెరిసి ఊరుకుంటుంది.

అచ్చు సరిగా పడక బొమ్మ మసకగా ఉన్నదాన్ని అరిగిందని కొట్టేయడం మరో పొరపాటు. మెరుపు ఆ మసక భాగం మీదుగా కూడా సాగితే అది అచ్చు లోపం. బూడిదరంగు నునుపు కనిపిస్తే అది అరుగుదల. అలాగే టంకశాల సంచుల్లో నాణేలు ఒకదానికొకటి తగిలి పడిన నొక్కులు ఉంటాయి. ఇవి చలామణీ అరుగుదల కావు. అయినా చెంప మీద పడితే గ్రేడు తగ్గుతుంది, అక్షరాల మధ్య పడితే అంతగా తగ్గదు.

చింతపండు చేసే చేటు

నాణేలు పాడైపోవడానికి దొంగలకంటే, నేలకంటే మన ప్రేమే ఎక్కువ కారణం. వరలక్ష్మీ వ్రతానికో దీపావళి లక్ష్మీపూజకో వెండి రూపాయిని తోమి, పసుపు కుంకుమ పెట్టి, పూజయ్యాక మళ్లీ కడిగి దాచే ఇళ్లు ఈ తీరంలో వేలు. చింతపండులోని పులుపు పైపొరను తినేస్తుంది. విబూది, పళ్లపొడి, టూత్‌పేస్టు రేణువులు వెంట్రుకవాసి గీతలు గీస్తాయి. భూతద్దంలో చూస్తే ఆ గీతలు ఒకే దిక్కుగా, తోమిన చెయ్యి ఎటు కదిలిందో అటే సాగి కనబడతాయి. ఒకసారి పడితే అవి పోవు. గ్రేడింగ్ సంస్థలు అలాంటి నాణేనికి అంకె వెయ్యవు. 'తోమినది' అని రాసి పంపిస్తాయి.

నలుపు మురికి కాదని తెలియకపోవడమే దీనికి మూలం. గాలిలోని గంధకపు ఆవిర్లతో వెండి కలిసి ఏర్పడే పలుచని పొర అది. మొదట లేత పసుపు, తర్వాత రాగిరంగు, ఊదా, నీలం, చివరికి నలుపు. ఏళ్ల తరబడి నెమ్మదిగా ఏర్పడిన రంగుపొర కింద మెరుపు భద్రంగా ఉంటుంది. ఆ రంగుల కోసమే ఎక్కువ ధర పెట్టేవాళ్లూ ఉన్నారు.

వాకాడు వైపు ఈ పొర త్వరగా పడుతుంది. ఉప్పుటేర్ల బురదలో ఆకులు అలములు కుళ్లి గంధకపు ఆవిర్లు వస్తుంటాయి. దక్షిణాన పులికాట్ సరస్సు వైపు వెళ్లేవాళ్లకు ఆ వాసన తెలిసే ఉంటుంది. పైగా సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి రూపాయిలోని రాగిని పట్టుకుంటే పచ్చని చిలుము వస్తుంది. నలుపును వదిలేయొచ్చు గానీ చిలుమును వదిలేయకూడదు. అది లోహాన్ని తొలుస్తుంది. అలాంటిదాన్ని ఇంట్లో గీకకుండా తెలిసినవాళ్లకు చూపించడమే మంచిది.

జిడ్డు, మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. రబ్బరు బ్యాండ్లు చుట్టకూడదు. వార్తాపత్రికలో, ఉన్ని గుడ్డలో చుట్టకూడదు. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెడితే కొన్నాళ్లకు పచ్చని జిగురు పడుతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బీ, లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం చాలు. పట్టుకునేటప్పుడు అంచులతోనే. ముఖం మీద పడిన వేలిముద్ర కొన్ని నెలలకు గోధుమరంగు మచ్చగా తేలుతుంది.

కంసాలి టంకం వేసి కొక్కెం తగిలించిన రూపాయలు మరో బాధ. పిల్లల మెడలో, మొలతాడులో వేసుకున్నవి. కొక్కెం ఊడదీసినా పైఅంచున టంకం మచ్చ, అరుగు మిగులుతాయి. సేకరణ ధర సగానికి సగం పడిపోవచ్చు. నిజమే. అయినా ముత్తవ్వ మెడలో ఉన్న రూపాయికి గ్రేడు అక్కర్లేదు. దాన్ని అమ్మకానికి చూసుకోవాల్సిన పనే లేదు.

ఒకటి నుంచి డెబ్బై దాకా

ఇవాళ ప్రపంచమంతా వాడే అంకెల గ్రేడు ఒక మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టింది. అమెరికాకు చెందిన విలియం షెల్డన్ 1949లో ఆ దేశపు పాత రాగి సెంట్ల మీద పుస్తకం రాస్తూ 1 నుంచి 70 దాకా మెట్లు వేశాడు. కింది మెట్టు నాణెం ధర ఒక రూపాయనుకుంటే, పై మెట్టుది డెబ్బై రూపాయలన్నది ఆయన ఊహ. ధరల లెక్క కొన్నేళ్లకే తప్పిపోయింది, అంకెలు మాత్రం నిలిచాయి. 60, ఆ పైన ఉన్నవన్నీ అన్‌సర్క్యులేటెడ్. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికన్ సంస్థలు వచ్చి, నాణేన్ని పరీక్షించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో మూసి ఇవ్వడం మొదలుపెట్టాయి. మన రూపాయలు కూడా ఇప్పుడు ఆ డబ్బీల్లో కనిపిస్తున్నాయి.

డబ్బీ మీది అంకె మనుషుల తీర్పే. ఒకచోట 62 పడిన నాణెం డబ్బీ పగలగొట్టి మళ్లీ పంపితే 63 కావడం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. అంకెను నమ్మి నాణేన్ని చూడకుండా కొనడం మంచిది కాదు.

అమెరికా వెండికీ మన రూపాయికీ ఇంకో ముడి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశంలో నోట్లకు బదులు వెండి ఇమ్మని జనం ఎగబడితే ఖజానా ఖాళీ అయ్యే పరిస్థితి వచ్చింది. 1918 ఏప్రిల్‌లో అమెరికా పిట్‌మన్ చట్టం తెచ్చి 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండిని బ్రిటన్‌కు అమ్మింది. అది ఇక్కడి అవసరం కోసమే. కరిగినవాటిలో ఎక్కువ మోర్గన్ డాలర్లనే పాత రకానివి. ఏ ఏడాదివి ఎన్ని కరిగాయో లెక్క లేకపోవడంతో, అచ్చయిన సంఖ్యను బట్టి అరుదో కాదో చెప్పడం అక్కడి సేకరణదారులకు ఇప్పటికీ కష్టమే.

ఆ వెండి కలిసి ఇక్కడ 1918 నుంచి కోట్ల రూపాయి నాణేలు వచ్చాయి. అందుకే 1918, 1919 రూపాయలు ఎవరి ఇంట్లో చూసినా ఉంటాయి. ఇక్కడ ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ ఏళ్లవి, అరిగినవి, తోమినవి అయితే వెండి ధర మీద పెద్దగా ఏమీ రాదు. పాతదల్లా నిధి అనుకుంటే నిరాశే. అవే ఏళ్ల నాణెం మెరుపు చెడకుండా ఉంటే మాత్రం ధర వేరు.

> మోసాలు, చట్టాలు
>
> పాత నాణేనికి లక్షలిస్తామని, ముందు కమీషన్, పన్ను కట్టమని ఫోన్లో అడిగేవాళ్లు మోసగాళ్లు. తన పేరు వాడుకుంటూ పాత నాణేలు, నోట్లు కొంటామనేవాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న హెచ్చరించింది.
>
> ఈస్టిండియా కంపెనీ పేరుతో రాముడు, హనుమంతుడు ఉన్న 'నాణేలు' కంపెనీ అచ్చువేసినవి కావు. పూజ బిళ్లలు, లేదా అమ్మకం కోసం ఈ మధ్య చేసినవి. బియ్యపు గింజలను లాగే నాణెమంటూ తెలుగు రాష్ట్రాల్లో నడిచే 'రైస్ పుల్లింగ్' దందా పూర్తి మోసం.
>
> భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతుంది.
>
> వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని దేశం దాటించడం నేరం.

నకిలీని పట్టే నాలుగు పనులు

గ్రేడు కంటే ముందు తేల్చాల్సింది అసలో నకిలీయో. తూకం మొదటి పరీక్ష. 11.66 గ్రాములకు అరుగుదల తీసేస్తే కొంచెం తగ్గొచ్చు, పెరగడానికి మాత్రం కారణం లేదు. అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదు. మూడోది అంచు. అసలు రూపాయి అంచు పళ్లు సమానంగా, నిటారుగా ఉంటాయి. పోతపోసిన నకిలీలో అంచు చుట్టూ అతుకు గీత, ముఖం మీద సూది మొనంత గుంటలు ఉంటాయి. నాలుగోది ఏడాది అంకె. 1939 లాంటి అరుదైన ఏడాది కనిపిస్తే సంతోషపడేముందు చివరి అంకెను భూతద్దంలో చూడాలి. దిద్దిన అంకె చుట్టూ లోహం రంగు, నునుపు తేడాగా ఉంటాయి.

నకిలీలు చేసేవాళ్లు ఇప్పుడు తూకం కూడా సరిగ్గా దించుతున్నారు. దించలేనిది సహజమైన అరుగుదల. వందేళ్ల నాణెంలో ఎత్తు భాగాలు ఎక్కువ, పల్లపు భాగాలు తక్కువ అరగాలి. అంతటా ఒకే మసక ఉంటే పక్కన పెట్టాల్సిందే. గ్రేడింగ్ నేర్చినవాళ్లు నకిలీలను త్వరగా పట్టేది ఇందుకే.

చార్మినార్ నుంచి ఎన్టీఆర్ దాకా

తెలుగు నేల మీద వెండి అంటే బ్రిటిష్ రూపాయి ఒక్కటే కాదు. నిజాం సంస్థానానికి సొంత రూపాయి ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యంత్రాల మీద అచ్చయిన చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. ఉస్మాన్ అలీఖాన్ కాలపు నాణేల్లో చార్మినార్ ద్వారంలో ఆయన పేరు మొదటి అక్షరం 'ఐన్' ఉంటుంది. దాని ఆకారాన్ని బట్టే తొలినాటి నాణేలను, తర్వాతవాటిని వేరుచేస్తారు. అక్షరం అరిగిపోతే ఆ తేడా పోతుంది, దానితో పాటే ధర. హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాల భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. నెల్లూరు నుంచి వెళ్లినవాళ్లు కూడా నాణెం ఎలా పుడుతుందో అక్కడ చూడొచ్చు.

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము రాష్ట్రపతి భవన్‌లో ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం విడుదల చేశారు. హైదరాబాద్ టంకశాలలోనే అచ్చయింది. 44 మిల్లీమీటర్ల బిళ్లలో సగం వెండి, 40 శాతం రాగి, నికెల్, జింకు చెరి ఐదు శాతం. 1940ల నాటి ఆరో జార్జి రూపాయిలో కలిపిన పాళ్లు కూడా ఇవే. అభిమానులు క్యూలు కట్టి కొన్నారు. చాలామంది పెట్టె తెరిచి, నాణెం బయటికి తీసి, కళ్లకద్దుకుని, ఫొటో దిగి మళ్లీ పెట్టారు. అభిమానాన్ని తప్పుపట్టలేం. అయితే సగం రాగి, నికెల్, జింకు ఉన్న ఈ మిశ్రమం తేలిగ్గా మచ్చ పడుతుంది. పెట్టెలో ఉన్నదే రేపటి సేకరణదారుడు అడిగేది. దాన్ని మూసే ఉంచండి.

1969లో గాంధీ శతజయంతికి వచ్చిన పది రూపాయల నాణెం ఇంతకంటే ఎక్కువ ఇళ్లలో ఉంది. 15 గ్రాములు, 80 శాతం వెండి. బ్యాంకులో తీసుకున్న రోజు నుంచి కాగితం పొట్లంలోనే ఉండిపోయినవి కొన్ని ఇవాళ్టికీ మెరుపు చెడకుండా బయటపడుతున్నాయి. పట్టించుకోకుండా వదిలేయడం వాటికి మేలే చేసింది.

ఇంట్లో వెండి రూపాయలు ఉన్నవాళ్లు ఈ ఆదివారం చేయగలిగిన పని ఒకటుంది. ఒక మెత్తని గుడ్డ పరిచి, పగటి వెలుతురులో ఒక్కో నాణెం అంచులతో పట్టుకుని రెండు వైపులా ఫోన్లో ఫొటో తీయండి. ఏడాది, బరువు రాసిపెట్టుకోండి. 1911, 1939, విలియం బొమ్మ, గోపురం బొమ్మ కనిపిస్తే వెండి కొట్టుకు వెళ్లేముందు నాణేల ప్రదర్శనల్లో కూర్చునే ఇద్దరు వేర్వేరు వర్తకులకు చూపించండి. అవసరం తరుముకొచ్చి అమ్మాల్సివస్తే అమ్మండి, తప్పులేదు. తోమకుండా అమ్మండి.